ఒకే పిక్సెల్‌కి రెండు ఉష్ణోగ్రతలు: అంతరిక్ష నౌకలోని పరారుణ పరికరం అసలు కొలిచేదేమిటి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: చంద్రుడి చుట్టూ తిరిగే నౌకలోని పరారుణ రేడియోమీటర్ (వికిరణాన్ని కొలిచే పరికరం) డేటాలో, ఎత్తైన అక్షాంశాల దగ్గర, పగటిపూట ఒక పిక్సెల్‌కి 8 మైక్రాన్ల ఛానెల్ (ఒక తరంగదైర్ఘ్యాల పట్టీని మాత్రమే చూసే భాగం; మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) 269 కెల్విన్ చూపిస్తోంది. అదే పిక్సెల్‌కి 50 మైక్రాన్ల దగ్గరి ఛానెల్ 210 కెల్విన్ అంటోంది. తేడా 59 డిగ్రీలు. పరికరం చెడిందా, కాలిబ్రేషన్ (తెలిసిన విలువలతో పోల్చి సరిచేయడం) తప్పా, లేక రెండిట్లో ఒకటే నిజమా?

రెండూ నిజమే అయ్యే అవకాశం చాలా ఎక్కువ. పరికరం ఉష్ణోగ్రతను కొలవదు. ఒక దిశ నుంచి, ఒక తరంగదైర్ఘ్యాల పట్టీలో తన మీద పడుతున్న వికిరణాన్ని, అంటే రేడియన్స్‌ని, కొలుస్తుంది. ఆ రేడియన్స్‌ని ఇచ్చే ఆదర్శ నల్లటి వస్తువు ఎంత వేడిగా ఉండాలో మనం లెక్కగట్టి రాసుకునే అంకెనే బ్రైట్‌నెస్ టెంపరేచర్ అంటాం. నేలంతా ఒకే వేడిలో ఉండి, దాని ఉద్గారత (ఆదర్శ నల్లటి వస్తువు ఇచ్చే వికిరణంలో ఎంత వంతు ఇస్తుందో చెప్పే అంకె) 1 అయి, మధ్యలో వాతావరణం లేకపోతేనే అన్ని ఛానెళ్లూ ఒకే అంకె చెప్తాయి. అలాంటి నేల ఏ గ్రహం మీదా దొరకడం కష్టం. కాబట్టి ఛానెళ్ల మధ్య తేడా కనిపిస్తే డేటాని పక్కన పెట్టేయకండి, అసలు సమాచారం చాలాసార్లు ఆ తేడాలోనే ఉంటుంది. అయితే ముందు అది పరికరం నుంచి వచ్చిన తేడా కాదని తేల్చుకోవాలి. ఆ పని ఎలా చేయాలో చెప్పి, చివర్లో మీ పిక్సెల్ దగ్గరికి వస్తాను.

కొన్ని అంకెలు మనసులో ఉంటే పని సులువవుతుంది. వీన్ నియమం ప్రకారం 2,898ని కెల్విన్లతో భాగిస్తే, వికిరణం గరిష్ఠంగా ఉండే తరంగదైర్ఘ్యం మైక్రాన్లలో వస్తుంది. 300 కెల్విన్ల నేలకి అది 9.7 మైక్రాన్లు, 100 కెల్విన్లకి 29, 40 కెల్విన్లకి 72. చంద్రుడి మధ్యరేఖ మీద మిట్టమధ్యాహ్నం నేల 390 కెల్విన్ల దాకా వేడెక్కుతుంది. ధ్రువాల దగ్గర ఎప్పటికీ ఎండ పడని బిలాల్లో 30 కెల్విన్ల దగ్గర ఉండిపోతుంది. ఉష్ణోగ్రత నిష్పత్తి 13 మాత్రమే అయినా, మొత్తం శక్తి నాలుగో ఘాతంతో మారుతుంది కాబట్టి ఆ నిష్పత్తి 28,561 అవుతుంది. వేడి నేల చదరపు మీటరుకి దాదాపు 1,300 వాట్లు వెదజల్లుతుంటే, చల్లటి బిలం 0.05 వాట్ కూడా ఇవ్వదు. రెండింటినీ ఒకే పరికరం కొలవాలి.

పొట్టి తరంగాల్లో ఈ పతనం ఇంకా నిటారుగా ఉంటుంది. 10 మైక్రాన్ల దగ్గర 100 కెల్విన్ల నేల, 300 కెల్విన్ల నేల కంటే సుమారు 15,000 రెట్లు మసకగా ఉంటుంది. 50 మైక్రాన్ల దగ్గర అదే తేడా 10 రెట్లే. ఈ ఒక్క విషయం పట్టుకుంటే కింద చెప్పేదంతా దానంతటదే అర్థమవుతుంది. పొట్టి తరంగం వేడికి బాగా స్పందిస్తుంది, చల్లదనానికి దాదాపు గుడ్డిది. పొడవు తరంగం రెండింటినీ దాదాపు సమానంగా లెక్కలోకి తీసుకుంటుంది. 2009లో బయలుదేరిన లూనార్ రికనైసెన్స్ ఆర్బిటర్ అనే చంద్ర నౌక మీది పరారుణ రేడియోమీటర్ డివైనర్‌లో 8 మైక్రాన్ల దగ్గర మూడు సన్నటి ఛానెళ్లు, 13 నుంచి 23, 25 నుంచి 41, 50 నుంచి 100 మైక్రాన్ల పట్టీలు, 100 మైక్రాన్లు దాటిన మరో పట్టీ ఉన్నది అందుకే. వీటికి తోడు సూర్యకాంతి ప్రతిఫలనాన్ని కొలిచే ఛానెళ్లు రెండు. ఉత్తర ధ్రువం దగ్గరి హెర్మైట్ బిలంలో 26 కెల్విన్లని ఆ పరికరం చెప్పగలిగింది పొడవు తరంగాల ఛానెళ్ల వల్లే. 8 మైక్రాన్లలో ఆ బిలం ఖాళీ ఆకాశంతో సమానం.

డిటెక్టర్ల గురించి, అంటే వికిరణాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగాల గురించి, కొంచెమే చెప్తాను. థర్మోపైల్ అంటే మీద పడిన వికిరణానికి వేడెక్కి చిన్న వోల్టేజీ ఇచ్చేది. థర్మోపైల్‌కి చల్లబరచడం అక్కర్లేదు. నల్లటి పూత పీల్చుకున్నంత మేరా ఏ తరంగదైర్ఘ్యానికైనా ఒకేలా స్పందిస్తుంది, సిగ్నల్ విస్తృతి ఎంత ఉన్నా దాదాపు సరళంగా పనిచేస్తుంది. సున్నితత్వం మాత్రం తక్కువ. డివైనర్‌లోనూ, అంగారకుడి వాతావరణాన్ని చూసే మార్స్ క్లైమేట్ సౌండర్‌లోనూ ఛానెల్‌కి 21 థర్మోపైళ్ల చొప్పున వరుసలు ఉన్నాయి. పైరోఎలక్ట్రిక్ డిటెక్టర్ మార్పుకి మాత్రమే స్పందిస్తుంది కాబట్టి, దాని ముందు కాంతిని తెగ్గొట్టే చాపర్ గానీ, కదిలే అద్దం ఉన్న ఇంటర్‌ఫెరోమీటర్ గానీ ఉండాలి. చిత్రాలు కావాలంటే మైక్రోబోలోమీటర్, అంటే వేడెక్కితే విద్యుత్ నిరోధం మారే చిన్న చిన్న గడుల పలక. అంగారక నౌక మార్స్ ఒడిస్సీ మీది థెమిస్, శుక్రుడి నౌక అకాట్సుకి మీది ఎల్ఐఆర్, గ్రహశకలానికి వెళ్లిన హయబుసా-2 మీది టీఐఆర్, మంగళయాన్ మీది టీఐఎస్ అనే పరారుణ కెమెరాలు అన్నీ ఈ తరహావే. 8 నుంచి 14 మైక్రాన్ల మధ్య ఇది చక్కగా పనిచేస్తుంది. కానీ దాని చుట్టూ ఉన్న తొడుగు ఉష్ణోగ్రత కొద్దిగా మారినా సున్నా జరిగిపోతుంది. స్పందనకి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి నేల వేగంగా జరిగిపోయే కక్ష్యల్లో చిత్రం సాగిపోతుంది. సెకనుకి 3 కిలోమీటర్ల వేగంతో పోయేటప్పుడు 100 మీటర్లు దాటడానికి 33 మిల్లీసెకన్లే పడుతుంది. అందుకే థెమిస్ సెకనుకి 30 సార్లు చదివి, ఒకే నేలని చూసిన వరుస లైన్లని కలిపి శబ్దాన్ని, అంటే కొలతలోని యాదృచ్ఛిక హెచ్చుతగ్గుల్ని, తగ్గిస్తుంది. పాదరసం, కాడ్మియం, టెల్లూరియం కలిపిన అర్ధవాహక డిటెక్టర్లు చాలా సున్నితమైనవి. కానీ వాటిని 80 కెల్విన్ల దగ్గరకి చల్లబరచాలి, పైగా 16, 17 మైక్రాన్లు దాటితే సాధారణంగా పనికిరావు. శని గ్రహానికి వెళ్లిన కాసిని నౌక మీది పరారుణ పరికరం సీఐఆర్ఎస్‌లో 7 నుంచి 17 మైక్రాన్ల దాకా వీటిని వాడి, అంతకంటే పొడవైన తరంగాలకి థర్మోపైల్‌నే పెట్టారు.

ఇక కాలిబ్రేషన్. తప్పుల్లో ఎక్కువ భాగం పుట్టేది ఇక్కడే కాబట్టి దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను.

పరికరం తానే గది ఉష్ణోగ్రతకి దగ్గరగా ఉంటుంది. దాని అద్దాలు, ఫిల్టర్లు, గోడలు అన్నీ పరారుణ వికిరణాన్ని వెదజల్లుతుంటాయి. 290 కెల్విన్ల డిటెక్టర్ 40 కెల్విన్ల నేలని చూస్తుంటే, నేల నుంచి వచ్చేదాని కంటే డిటెక్టర్ నుంచి బయటికి పోయేదే చాలా ఎక్కువ. కాబట్టి కౌంట్లు (డిటెక్టర్ ఇచ్చే ముడి అంకెలు) ఒంటరిగా ఏమీ చెప్పవు. రెండు తెలిసిన చూపులతో పోల్చాలి. మొదటిది ఖాళీ ఆకాశం. దాని వికిరణాన్ని ఈ పని వరకు సున్నా అనుకోవచ్చు. రెండోది పరికరంలోనే ఉన్న బ్లాక్‌బాడీ. అంటే గాడులు పెట్టి నల్లరంగు వేసిన పలక లేదా లోతైన గుంత, దానికి అంటించిన ప్లాటినం నిరోధ థర్మామీటర్లు. లెక్క ఇది:

నేల రేడియన్స్ = బ్లాక్‌బాడీ రేడియన్స్ × (నేల కౌంట్లు − ఆకాశం కౌంట్లు) ÷ (బ్లాక్‌బాడీ కౌంట్లు − ఆకాశం కౌంట్లు)

చూడటానికి చిన్న లెక్కే. ఇది నిలబడాలంటే మూడు చూపులూ ఒకే దారిలో, అదే అద్దాల మీదుగా, అదే ద్వారం గుండా రావాలి. ఆకాశాన్ని చూసేటప్పుడు స్కాన్ అద్దం వేరే కోణంలో ఉండి, ఆ కోణంలో అద్దం స్వీయ వికిరణం కొంచెం వేరుగా ఉంటే, ఆ తేడా అంతా నేల ఖాతాలో పడిపోతుంది. పరికరం మొత్తాన్నీ తిప్పి చూపించే డిజైన్ మీద నాకు నమ్మకం ఎక్కువ. డివైనర్, మార్స్ క్లైమేట్ సౌండర్ అలాగే తిరుగుతాయి.

రెండో షరతు: ఆకాశాన్ని చూసిన క్షణానికీ నేలని చూసిన క్షణానికీ మధ్య పరికరం ఉష్ణోగ్రత మారకూడదు, లేదా నెమ్మదిగా, సరళరేఖలో మారాలి. డివైనర్ సుమారు పది నిమిషాలకోసారి ఆకాశం, బ్లాక్‌బాడీ రెండూ చూస్తుంది. ఆ రెండు చూపుల మధ్య సున్నా స్థాయిని, అంటే ఆఫ్‌సెట్‌ని సరళరేఖలో సర్దుతారు. నౌక ఎండలోంచి నీడలోకి దాటే నిమిషాల్లో ఈ సర్దుబాటు తప్పుతుంది. పటంలో కక్ష్య దారి వెంట చారలు కనిపిస్తే మొదట అనుమానించాల్సింది దీన్నే. మీ డేటాలో ఆ పిక్సెల్‌కి ముందూ వెనకా ఉన్న ఆకాశం కౌంట్లు తీసి చూడండి. రెంటి మధ్య జరుగుబాటు శబ్దం స్థాయికి కొన్ని రెట్లకు మించి ఉంటే, చల్లటి నేలల విలువలని నమ్మకండి.

గెయిన్ (కౌంట్లని రేడియన్స్‌గా మార్చే గుణకం) తప్పు, ఆఫ్‌సెట్ తప్పు వేర్వేరు చోట్ల దెబ్బ తీస్తాయి. ఉదాహరణకి, 300 కెల్విన్ల బ్లాక్‌బాడీ థర్మామీటర్ అర డిగ్రీ తప్పు చూపించిందనుకోండి. 10 మైక్రాన్ల ఛానెల్లో అది 0.8 శాతం గెయిన్ తప్పు. 390 కెల్విన్ల నేల మీద దాని ప్రభావం సుమారు 0.8 డిగ్రీ. 100 కెల్విన్ల నేల మీద 0.06 డిగ్రీ, పట్టించుకోనక్కర్లేదు. ఆఫ్‌సెట్ తప్పు దీనికి తలకిందులు. వేడి నేల మీద కనిపించదు, చల్లటి నేలని మాత్రం ముంచేస్తుంది. కాబట్టి మీరు చూస్తున్న నేలని బట్టి ఏ తప్పు కోసం వెతకాలో ముందే నిర్ణయించుకోవచ్చు. బ్లాక్‌బాడీ ఉద్గారత 0.99 అయితే మిగతా ఒక శాతం పరికరం లోపలి గోడల ప్రతిబింబం. దాన్ని కూడా లెక్కలో కలపాలి, లేకపోతే అదీ గెయిన్ తప్పుగానే మిగులుతుంది.

ఫిల్టర్ల లీకు మోసపూరితమైనది, ఎందుకంటే కాలిబ్రేషన్‌లో అది బయటపడదు. ఫిల్టర్ తన పట్టీకి బయట కొద్ది శాతం వికిరణాన్ని వదిలినా, అక్కడ వెలుగు ఎక్కువగా ఉంటే ఫలితం మారిపోతుంది. 1976లో అంగారకుడిని చేరిన వైకింగ్ ఆర్బిటర్ల మీది పరారుణ మాపకంలో 15 మైక్రాన్ల ఛానెల్ వాతావరణాన్ని చూడటానికి పెట్టినది. దానిలోకి కింద ఉన్న నేల వికిరణం కొంత లీకైంది. దానివల్ల అంగారక వాతావరణం ఉన్నదాని కంటే వేడిగా కనిపించింది. తర్వాతి నౌకల కొలతలతో పొసగకపోవడంతో 2000 ప్రాంతంలో పాత డేటాని తిరిగి విశ్లేషించి సరిచేశారు. రెండు దశాబ్దాలకు పైగా ఆ అంకెల మీద వాతావరణ నమూనాలు ఆధారపడ్డాయి. ఇలాంటి లీకుని పట్టే మార్గం ఒకటుంది. ఆ ఛానెల్ విలువ కింది నేల వేడితో పాటు ఊగుతోందేమో చూడండి. ఊగడానికి భౌతిక కారణం లేకుండా ఊగితే అది లీకే.

మసక చూపు కూడా ఇదే కోవలోది. టెలిస్కోప్ గురిపెట్టిన చోటుకి బయట నుంచి కొద్దిపాటి వికిరణం చెదిరి లోపలికి వస్తుంది. 390 కెల్విన్ల మైదానం పక్కనున్న 40 కెల్విన్ల గుంతని కొలుస్తుంటే వెయ్యిలో ఒక వంతు చెదిరినా ఫలితం పాడవుతుంది. వేడి అంచు నుంచి చీకటి ఆకాశంలోకి పరికరాన్ని మెల్లగా జరిపి, సిగ్నల్ ఎంత దూరంలో సున్నాకి పడుతుందో చూస్తే ఈ చెదురు ఎంతో తెలుస్తుంది.

రేడియన్స్ చేతికొచ్చాక దాన్ని ఉష్ణోగ్రతగా మార్చేటప్పుడు జరిగే పొరపాట్లు రెండు. మొదటిది, వెడల్పాటి పట్టీకి మధ్య తరంగదైర్ఘ్యం పెట్టి ప్లాంక్ సూత్రాన్ని (ఉష్ణోగ్రతని బట్టి రేడియన్స్ ఎంతో చెప్పేది) తిరగెయ్యడం. 13 నుంచి 23 మైక్రాన్ల పట్టీలో 100 కెల్విన్ల నేల నుంచి వచ్చేదంతా దాదాపు పొడవు తరంగాల వైపు నుంచే వస్తుంది, 350 కెల్విన్ల నేలకి పొట్టి వైపు బరువెక్కువ. కాబట్టి మధ్య తరంగదైర్ఘ్యం అంటూ ఒకటి స్థిరంగా ఉండదు. ఛానెల్ స్పందన వక్రరేఖతో ప్లాంక్ ఫలనాన్ని గుణించి, పట్టీ మొత్తం కూడి, ఒక్కో డిగ్రీకి ఒక పట్టిక తయారుచేసుకోండి. చల్లటి వైపు రేడియన్స్ లాగరిథమ్‌లో మధ్య విలువలు తియ్యండి.

రెండోది ఇంకా ఎక్కువగా కనిపించే తప్పు. చల్లటి నేలల్లో శబ్దం వల్ల కొన్ని రేడియన్స్ విలువలు సున్నా కంటే తక్కువ వస్తాయి. అవి అర్థం లేనివని తీసేసి, మిగిలిన వాటిని ఉష్ణోగ్రతలుగా మార్చి సగటు తీస్తారు. అలా చేస్తే కిందికి పోయిన శబ్దం మాయమై, పైకి పోయిన శబ్దం మాత్రమే మిగులుతుంది. బిలం ఉన్నదాని కంటే వేడిగా తేలుతుంది. రుణ విలువలని ఉంచండి, సగటు రేడియన్స్‌లోనే తియ్యండి, ఆ తర్వాత ఒక్కసారి మాత్రమే ఉష్ణోగ్రతగా మార్చండి.

ఇవన్నీ దాటాక నేల సంగతి. ఉద్గారతతో మొదలుపెడదాం. 300 కెల్విన్ల నేల ఉద్గారత 0.95 అయితే 10 మైక్రాన్లలో అది 3 డిగ్రీలు తక్కువగా కనిపిస్తుంది. అదే 0.95, 50 మైక్రాన్లలో దాదాపు 10 డిగ్రీలు తగ్గిస్తుంది. చాలామంది దీన్ని తిరగేసి ఊహిస్తారు. పొట్టి తరంగంలో రేడియన్స్ ఉష్ణోగ్రతతో వేగంగా పెరుగుతుంది కాబట్టి 5 శాతం లోటు పూడ్చడానికి కొద్ది డిగ్రీలు చాలు. పొడవు తరంగంలో ఎక్కువ డిగ్రీలు కావాలి. సిలికేట్ ఖనిజాల ఉద్గారత 8 మైక్రాన్ల పరిసరాల్లో ఒకచోట 1కి చాలా దగ్గరగా చేరుతుంది. ఆ చోటు ఖనిజాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ జరుగుతుంది. డివైనర్ మూడు సన్నటి ఛానెళ్లు అక్కడ పెట్టింది రాతి రకాన్ని పసిగట్టడానికే. దానికి తోడు, నేల ఉష్ణోగ్రతకి అది మంచి కిటికీ కూడా.

మంచు విషయంలో ఉద్గారత మరీ పెద్ద వేషం వేస్తుంది. అంగారకుడి ధ్రువాల మీద గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్ అక్కడి పీడనంలో 145 నుంచి 150 కెల్విన్ల మధ్య ఉండాలి. 1969లో మెరైనర్ 7 దక్షిణ ధ్రువపు టోపీ మీద ఆ స్థాయి ఉష్ణోగ్రతనే కొలవడంతో, అది నీటిమంచు కాదు, కార్బన్ డయాక్సైడ్ మంచేనన్న వాదన బలపడింది. వైకింగ్ మాత్రం శీతాకాల ధ్రువరాత్రిలో 130 కెల్విన్ల దాకా చూపించింది. వాతావరణమే గడ్డకట్టే చోట నేల అంత కిందికి దిగదు. సన్నటి కార్బన్ డయాక్సైడ్ మంచు, మేఘాలు 20 మైక్రాన్లు దాటిన తరంగాల్లో తక్కువ ఉద్గారత కలిగి ఉండటం వల్ల చల్లగా కనిపించాయి. కణాలు ముతకబడ్డ చోట అంకె సరైన విలువకి వస్తుంది. అలాంటి చోటు కాలిబ్రేషన్ పరీక్షకి బంగారం లాంటిది. ఉష్ణోగ్రత ఎంత ఉండాలో భౌతికశాస్త్రమే ముందుగా చెప్పేస్తుంది కాబట్టి పరికరం అక్కడ తప్పు చెప్తే వెంటనే దొరికిపోతుంది.

వాతావరణం ఉన్న గ్రహాల్లో అసలు ప్రశ్నే మారుతుంది. ఎంత వేడి అని అడిగే ముందు, ఏ ఎత్తున అని అడగాలి. 1962 డిసెంబరులో శుక్రుడి పక్కగా పోయిన మెరైనర్ 2 మీది పరారుణ రేడియోమీటర్ 8.4, 10.4 మైక్రాన్లలో చల్లటి మేఘాల పైభాగాన్ని చూసింది. అదే నౌక మీది మైక్రోవేవ్ రేడియోమీటర్ మేఘాలని దాటి లోపలి భగభగని చూసింది. శుక్రుడి నేల 735 కెల్విన్లు, మేఘాల పైకప్పు 230 కెల్విన్ల దగ్గర. రెండు పరికరాలూ తప్పు చెప్పలేదు, వేర్వేరు అంతస్తుల్ని చూశాయి. అంగారకుడి మీద కార్బన్ డయాక్సైడ్ పీల్చే 15 మైక్రాన్ల పట్టీ మధ్యలో పైపొరలు, దాని రెక్కల్లో కింది పొరలు కనిపిస్తాయి. పట్టీని ముక్కలుగా కొలిస్తే ఎత్తుతో పాటు ఉష్ణోగ్రత ఎలా మారుతుందో లెక్కగట్టొచ్చు. గురుడు, శని, దాని ఉపగ్రహం టైటన్‌ల పైపొరలకి ఈ పని మీథేన్ 7.7 మైక్రాన్ల పట్టీ చేస్తుంది. నేరుగా కిందికి చూస్తే ఒక్కో ఛానెల్ పది కిలోమీటర్ల స్థాయి మందపు పొరనే చూస్తుంది. గ్రహం అంచు మీదుగా అడ్డంగా చూస్తే మార్స్ క్లైమేట్ సౌండర్ లాంటి పరికరం 5 కిలోమీటర్ల దాకా విడదీయగలదు. అయితే ఈ లెక్కకి ఒకే జవాబు ఉండదు. కొద్దిపాటి శబ్దం కూడా ఉష్ణోగ్రత వక్రరేఖని వంకర్లు తిప్పుతుంది, కాబట్టి ముందస్తు అంచనాతో కట్టడి చేయాల్సిందే. ఆ కట్టడి ఎంతో చెప్పకుండా ఎవరైనా ఎత్తు వారీగా ఉష్ణోగ్రతలు ఇస్తే, ఆ గీతలోని సన్నటి మెలికల్ని నమ్మకండి.

ఇప్పుడు మీ పిక్సెల్. చంద్రుడికి వాతావరణం లేదు, ఆ గొడవ పోయింది. ఉద్గారతతో ఈ తేడాని వివరించాలంటే, నేల నిజంగా 269 కెల్విన్లుండి 50 మైక్రాన్లలో ఉద్గారత 0.65 అయి ఉండాలి. చంద్రుడి ధూళికి అంత తక్కువ రాదు. ఇక మిగిలింది కలగాపులగపు పిక్సెల్. 50 కిలోమీటర్ల ఎత్తు నుంచి డివైనర్ ఒక చూపులో సుమారు 160 మీటర్లు బై 320 మీటర్ల నేలని పడుతుంది. ఎండ ఏటవాలుగా పడే అక్షాంశాల్లో అంత నేలలో వెలుగు వాలులూ, చీకటి గుంతలూ పక్కపక్కనే ఉంటాయి.

సగం 300 కెల్విన్లు, సగం 100 కెల్విన్లు అనుకుని లెక్క వేసి చూడండి. 14,388ని మైక్రాన్లు, కెల్విన్ల లబ్ధంతో భాగించి, ఎక్స్‌పొనెన్షియల్ తీసి, ఒకటి తగ్గించి, విలోమం తియ్యండి. రెండు ఉష్ణోగ్రతలకీ ఇలా వచ్చిన విలువల సగటు తీసి, అదే దారిలో వెనక్కి రండి. 8 మైక్రాన్లలో 269 వస్తుంది. 18 మైక్రాన్లలో 241, 32లో 220, 50లో 210, 150లో 201. మీరు చెప్పిన రెండు అంకెలూ ఈ వరుసలో అచ్చంగా కూర్చుంటున్నాయి. ఆ నేల మామూలు సగటు 200 కెల్విన్లు. మొత్తం శక్తిని బట్టి లెక్కిస్తే 253. కాబట్టి శక్తి లెక్కలకి 253 వాడాలి. ఆ పిక్సెల్లో నీటిమంచు నిలుస్తుందా అని తేల్చడానికి మాత్రం ఈ సగటులేవీ పనికిరావు, 100 కెల్విన్ల సగం సంగతి విడిగా తెలియాలి.

చల్లటి బిలాల్లో ఇది మరింత తీవ్రం. 40 కెల్విన్ల పిక్సెల్లో ఒక్క శాతం నేల మాత్రం 200 కెల్విన్లుంటే, 32 మైక్రాన్లలో ఆ పిక్సెల్ 67 కెల్విన్లుగా కనిపిస్తుంది. 150 మైక్రాన్లలో 42. ఒక్క శాతమే!

ఈ గుణమే గొప్ప ఆవిష్కరణలకి కూడా దారి చూపింది. 1979లో వాయేజర్ 1 మీది ఐరిస్ అనే పరారుణ పరికరం తీసిన వర్ణపటాలు గురుడి ఉపగ్రహం అయో మీద ఏ ఒక్క ఉష్ణోగ్రతకీ సరిపోలేదు. చల్లటి నేల మీద చిన్న వేడి మచ్చ కలిపితేనే సరిపోయాయి. అవి అగ్నిపర్వతాల వేడి మచ్చలు. 2005లో కాసిని శని ఉపగ్రహం ఎన్సెలడస్ దక్షిణ ధ్రువం దగ్గర సగటున 85 కెల్విన్లు కొలిచింది. మధ్యరేఖ దగ్గరే 80 ఉన్న చోట, ధ్రువం అంతకంటే చల్లగా ఉండాలి. ఆ అదనపు వేడి సన్నటి పగుళ్ల నుంచి వస్తున్నదని తర్వాతి దగ్గరి చూపుల్లో తేలింది.

మీది కూడా మిశ్రమమేనని తేల్చుకోవడానికి మధ్యలోని రెండు ఛానెళ్లు తీసి చూడండి. 269 నుంచి 210 దాకా వరుసగా, నునుపుగా దిగితే మిశ్రమం. ఒక్క ఛానెల్ మాత్రమే వరుస తప్పి ఎగిరిందంటే ఆ ఛానెల్ కాలిబ్రేషన్ని అనుమానించండి. వేడి భాగం, చల్లటి భాగం, వాటి నిష్పత్తి అనే మూడు తెలియని విలువలకి కనీసం మూడు ఛానెళ్లు కావాలి. నాలుగోది సరిచూడటానికి ఉంచుకోండి. అసలు పట్టీల వెడల్పుతో లెక్కిస్తే అంకెలు ఒకటి రెండు డిగ్రీలో, ఇంకాస్తో జరుగుతాయి, కంగారు పడకండి.

ఒక్క ఉచ్చు మిగిలి ఉంది. ఛానెళ్ల వరుసలు డిటెక్టర్ తలం మీద పక్కపక్కన ఉంటాయి. కాబట్టి అవి ఒకే నేలని ఒకే క్షణంలో చూడవు. నౌక సెకనుకి 1.6 కిలోమీటర్లు పోతుంది, సమయం లెక్కలో పదోవంతు సెకను తప్పితే 160 మీటర్లు, అంటే పిక్సెల్‌లో పెద్ద భాగమే జరిగిపోతుంది. ఎండ, నీడల సరిహద్దులో అది కూడా ఛానెళ్ల మధ్య పెద్ద తేడా చూపిస్తుంది. విడదీయడం కష్టం కాదు. నిజమైన మిశ్రమంలో పొట్టి తరంగం ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది. గురి జరిగిన చోట, నీడలోకి దిగే అంచులో ఒక ఛానెల్ ఎక్కువైతే నీడ నుంచి బయటికొచ్చే అంచులో తలకిందులై రెండోది ఎక్కువవుతుంది. మీ పిక్సెల్‌కి అటూ ఇటూ ఇరవై పిక్సెళ్ల వరుస గీసి, తేడా గుర్తు ఎక్కడైనా తిరగబడుతోందేమో చూడండి.

గుర్తు తిరగబడకపోతే, అదే చోటుకి రాత్రి వేళ తీసిన కొలతలు వెతకండి. వాలులూ నీడలే కారణమైతే సూర్యుడు దిగిన కొన్ని గంటలకే ఛానెళ్లు దగ్గరికి వచ్చేస్తాయి. రాత్రంతా ఎడం మిగిలితే ఆ పిక్సెల్లో ధూళితో పాటు పెద్ద బండరాళ్లున్నాయన్నమాట. రాయి ఉష్ణ జడత్వం (త్వరగా వేడెక్కకుండా, చల్లారకుండా ఉండే గుణం) ధూళి కంటే పదుల రెట్లు ఎక్కువ కావడంతో, ధూళి 100 కెల్విన్ల దగ్గరికి పడిపోయాక కూడా అది చాలాసేపు వేడి నిలుపుకుంటుంది. అప్పుడు రాత్రి అంకెలకి ఇదే మిశ్రమ లెక్క వేస్తే, ఆ పిక్సెల్లో ఎన్ని శాతం బండరాళ్లున్నాయో కూడా వచ్చేస్తుంది.